రేకు మోగలేదు

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఎత్తి, బల్ల మీది రేకుకేసి ఒక్క దులుపు దులిపింది సూదమ్మ. తల వంచి విన్నది. గుడ్డ చప్పుడే తప్ప మరేమీ లేదు. ఆ దుప్పటిని పక్క బుట్టలో పడేసి ఇంకోటి అందుకుంది. మోచేతుల దాకా మందపాటి రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నడుముకు ప్లాస్టిక్ ఏప్రన్. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళుగా ఆమె ఉదయాలన్నీ ఇలాగే మొదలయ్యాయి. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఆ సంగతి ఆమె చేతులకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడినుంచి బయటికి రాదు. వార్డుల మూటల్లో మరిచిపోయిన ఇంజెక్షన్ సూదులు పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు కనుక అందరికీ సూదమ్మే. రేకు ఆలోచన కూడా ఆమెదే. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మూట విప్పబోతూ, తెచ్చిన మనిషిని "లోపల ఏమైనా ఉందా?" అని అడిగింది. "చూశాను, ఏమీ కనబడలేదు" అన్నాడతను. రెండో దుప్పటిలోనే సూది బొటనవేల్లో దిగింది. కుళాయి కింద వేలు కడుక్కుని మళ్ళీ పనిలో పడింది. మర్నాడే ఒక పాత రేకు సంపాదించి, వడ్రంగిని బతిమాలి బల్లకు కొట్టించింది. మడతలో దాక్కున్న సూది కంటికి దొరకకపోయినా, రేకు మీద పడితే టింగుమనక తప్పదు. అప్పటినుంచి ఆ గదిలో ఎవరి వేలికీ సూది గుచ్చుకోలేదు. అందుకు ఆమెను ఎవరూ మెచ్చుకున్నది లేదు. పైగా కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు "ఈ తుప్పురేకు తీసేయకూడదా?" అని ఓసారి నోరు జారాడు. ఆ రోజు తిన్న చివాట్లు ఆయనకు ఇంకా గుర్తే.

ఆ సూది చేసిన పని రెండేళ్ళ కిందట గానీ బయటపడలేదు. కంటి ఆపరేషనుకు ముందు రక్తపరీక్ష చేసి, లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ సి వైరస్ ఉందన్నారు. ఆ సూది వల్లేనని రాసిచ్చేవాళ్ళు లేరు గానీ ఆమెకు మరో అనుమానం లేదు. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే ఒళ్ళు సోలిపోవడం, ఇవన్నీ వయసు వల్లేనని సరిపెట్టుకుంది ఇన్నాళ్ళూ. "నీ వస్తువులు విడిగా ఉంచుకో" అని లివర్ వార్డు నర్సు చెప్పింది.

సూదమ్మ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. ఇంట్లో తన కంచం, గ్లాసు, దువ్వెన, తువ్వాలు అన్నిటికీ ఎర్రదారం కట్టింది. లాండ్రీ పక్కగదిలో టీ గ్లాసుకూ దారం చుట్టి, మిగతా ఏడు గ్లాసులూ ఉండే అరకు దూరంగా మేకు కొట్టి తగిలించింది. ఆమెను దూరం జరగమని ఎవరూ అనలేదు. అనాల్సిన ఇబ్బంది వాళ్ళకు రాకుండా తనే ముందు జరిగింది. అటువంటి మనిషి ఆమె.

మనవరాలి దగ్గరే ప్రాణం విలవిల్లాడింది. ఐదేళ్ళ పిల్ల, సగం కొరికిన బిస్కెట్టు అమ్మమ్మ నోటికి అందించేది, అమ్మమ్మ తాగే గ్లాసే కావాలనేది. సూదమ్మ చెయ్యి అడ్డం పెట్టి "నీది నీదే, నాది నాదే" అనేది. పిల్ల ఆ మాట నేర్చేసుకుని అడగడం మానేసింది. ఏడ్చి గోల చేసినా బాగుండేది.

మందుకు వంతు రావడానికే ఏడాదిన్నర పట్టింది. వచ్చాక రోజూ మాత్రలు వేసుకుంటూ మూడు నెలలు గడిపింది, ఒక్క పూట తప్పలేదు. తర్వాత మూడు నెలలు ఆగి మళ్ళీ రక్తం తీశారు. పదిరోజుల కిందట కాగితం వచ్చింది. "వైరస్ కనబడలేదు" అని నర్సు చదివి చెప్పింది. కూతురు ఎగిరి గంతేసింది. సూదమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుందే గానీ దారాలు విప్పలేదు. కనబడలేదట! ఆ మాట నమ్మే కదా వేలు పొడిపించుకుంది.

టింగ్!

"దొరికావా దొంగా" అంటూ సూదమ్మ పట్టకారుతో సూదిని తీసి ఖాళీ మందుసీసాలో వేసి మూత బిగించింది. మూట లివర్ వార్డుది.

"వదినా, బల్ల చూస్తుండు. పైన అప్పజెప్పి వస్తా" అంది ఇస్త్రీ యంత్రం దగ్గరున్న ఆమెతో. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఇరవై ఏళ్ళుగా ఒకరికొకరు వదినలు.

"ఆఖరి రోజైనా పోట్లాడకుండా రా వదినా."

"పోట్లాడకపోతే వచ్చింది నేనేనని వాళ్ళకెలా తెలుస్తుంది?"

మూడో అంతస్తు చేరాక గానీ మెట్ల మీద ఎక్కడా ఆయాసపడి ఆగలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. లివర్ వార్డు నర్సు బల్ల మీద సీసా పెట్టి "మీ బంగారం, జాగ్రత్తగా దాచుకోండి" అంది. నర్సు నాలుక కరుచుకుంది.

"ఇవాళ కూడానా! ఎవరి పనో కనుక్కుంటాను. కూర్చో సూదమ్మా, మంచినీళ్ళు తాగు" అని తన గ్లాసు జరిపింది.

"వద్దు సిస్టరమ్మా. నా గ్లాసు కింద ఉంది, దారం కట్టింది."

"దారమేంటి?"

చెప్పింది. వింటుంటే నర్సు ముఖం మారిపోయింది.

"గ్లాసు ఎవరు వేరు చెయ్యమన్నారు?"

"మీరే కదా, నీ వస్తువులు విడిగా అని."

"అంటే పళ్ళ బ్రష్షు, బ్లేడు, గోళ్ళు తీసేది. రక్తం అంటేవి. గ్లాసుతో రాదు, కంచంతో రాదు, పిల్లను ముద్దు పెట్టుకుంటే రాదు. విడమరిచి చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడైతే నీకసలు జబ్బే లేదు."

సూదమ్మకు ఒళ్ళు మండిపోయింది. "రెండేళ్ళు! ఆ పసిదాని చెయ్యి నెట్టేశాను సిస్టరమ్మా" అంది. మళ్ళీ తనే, "అయినా లేదంటారేం? కాగితంలో కనబడలేదనే కదా ఉంది" అంది.

నర్సు సీసా ఎత్తి చూపింది. "ఇది నీకు కనబడిందా?"

"లేదు, మోగింది."

"లోపల ఉంది కనుక మోగింది. మేం చేసిందీ అదే. మందు ఆపి మూడు నెలలు ఆగాం, మిగిలుంటే పెరిగేది. అప్పుడు నీ రక్తాన్ని దులిపి చూశాం. రేకు మోగలేదు సూదమ్మా."

"మోగలేదా?"

"మోగలేదు."

ఆమె నర్సు గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది. నీళ్ళు కొన్ని మెడ మీదికి కారాయి, కళ్ళలోంచి కూడా కారాయి. రెండూ కొంగుతో తుడుచుకుంది.

సాయంత్రం టీ వేళకు కూతురు మనవరాలిని తీసుకుని పక్కగదికి వచ్చింది. సూదమ్మ చేతులు కడుక్కుని, మేకుకున్న గ్లాసు తీసి ముడి విప్పబోయింది. బిగిసిపోయి ఉంది. పళ్ళతో లాగి విప్పింది. నీళ్ళు పట్టి ఒక గుక్క తాగి, గ్లాసు పిల్ల ముందుకు చాపింది.

పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నీది నీదే, నాది నాదే."

సూదమ్మ నేల మీద చతికిలబడి, పిల్ల ముఖానికి ముఖం ఆనించింది. "ఆ మాట అమ్మమ్మ తప్పు చెప్పిందే. నీది నాదే, నాది నీదే."

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. అమ్మ తలూపింది. చిన్న చేతులు రెండూ గ్లాసును పట్టుకున్నాయి. సగం తాగి, మిగతా సగం అమ్మమ్మ నోటికి ఆనించింది.

వెళ్ళేముందు సూదమ్మ వదినను బల్ల దగ్గరికి తీసుకెళ్ళి దులుపు ఎలా పడాలో మరోసారి చూపించింది. "ఎవడైనా కనబడలేదంటే నమ్మకు. నీ చెవిని నమ్ము."

"రేకు తీయించను లెండి" అన్నాడు సూపర్‌వైజరు, ఎవరూ అడక్కుండానే.

ఎర్రదారం వేలికి చుట్టుకుని పిల్ల ముందు నడిచింది, వెనక సూదమ్మ వెళ్ళిపోయింది.

వదిన గ్లాసులన్నీ కడిగి అరలో బోర్లించింది. గుర్తుగా సూదమ్మ గ్లాసు తను ఉంచుకుందామని వెతికింది. వరసగా ఎనిమిది స్టీలు గ్లాసులు, తడి ఆరుతూ ఉన్నాయి. అందులో ఆమెది ఏదో కనబడలేదు.