ఎనిమిది వందల అరవై మూడు సున్నాలు

నేను బ్లాగులకు వైద్యం చేసే మనిషిని. హైటెక్ సిటీలో ఒక తొమ్మిదో అంతస్తులో కూర్చుని, ఏ పోస్టును ఎంతమంది చూశారో, ఎన్ని సెకన్లు ఉన్నారో, ఎక్కడ విసుగొచ్చి వెళ్ళిపోయారో లెక్కలు చూస్తాను. ఏడాదిగా ఒక్కరు కూడా తెరవని పోస్టు కనబడితే కొట్టేస్తాను. ఎండిన కొమ్మలు నరికేస్తే మొక్క ఏపుగా పెరుగుతుందని మా వృత్తిలో గట్టి నమ్మకం. ఈ పనిలో నాకు మంచి పేరుంది. పేరుతో పాటు వచ్చే పొగరు కూడా ఉందని కాకినాడలో మా అమ్మ అంటుంది. అప్పట్లో నేను ఒప్పుకునేదాన్ని కాదు.

కొత్తగూడలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి యజమాని మొగిలి గారికి ఒక బ్లాగు ఉందని తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది. ఆయన బోరు మెకానిక్. ఇక్కడే పుట్టి, ఈ ఊరు ఊరుగా ఉన్నప్పటి నుంచీ బోర్లు వేయించి, కాలిన మోటార్లు పైకి తీసి బాగుచేస్తున్న మనిషి. పదిహేడేళ్ళ క్రితం ఆయన కూతురు ప్రశాంతి ఆ బ్లాగు తెరిచి ఇచ్చిందట. పేరు ‘బోరు ముచ్చట్లు’. ఏ ఇంట్లో పనిచేసినా ఆ సాయంత్రమే ఒక పోస్టు రాసి, ఆ లింకు ఆ ఇంటివాళ్ళ ఫోనుకు పంపేవారు. ఫలానా వీధి, ఫలానా తారీకు, ఎన్ని అడుగుల్లో రాయి తగిలింది, ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడ్డాయి, మోటారు ఎంత లోతున ఉంది, ఆ రోజు అక్కడ ఎవరేమన్నారు. అంతే. ఒక ఫోటో లేదు, ఒక హెడ్డింగు లేదు. పదకొండు వందల పోస్టుల కింద ఒక్క కామెంటు కూడా లేదు.

“అంకుల్, దీన్ని నేను సక్సెస్ చేసి చూపిస్తానండి” అన్నాను.

ఆయన లుంగీకి చేతులు తుడుచుకుంటూ, “సక్సెస్ అంటే ఏంది బిడ్డా?” అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.

“రోజుకు ముప్పై మంది చూస్తున్నారు. దాన్ని ముప్పై వేలు చెయ్యడం.”

“సరే, నీకు తెలుస్తది. చెయ్యి” అని పాస్‌వర్డ్ ఉన్న చీటీ తెచ్చి ఇచ్చారు. వాళ్ళావిడ బుచ్చమ్మ గారు ఆ శుభవార్తకు నాకు రెండు సర్వపిండి ముక్కలు పెట్టారు.

ఇక కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని లెక్కలు తీశాను. ఎనిమిది వందల అరవై మూడు పోస్టులకు ఏడాదిగా సున్నా వ్యూస్. అన్నీ ఎంచి, ఒక్క నొక్కు నొక్కి కొట్టేశాను. ట్రాష్ కూడా ఖాళీ చేశాను, శుభ్రం అంటే శుభ్రమే కదా. బ్యాకప్ తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు. మా ఆఫీసులో బ్యాకప్ వేరే టీమ్ పని. నా వంతు నరకడం వరకే, కాబట్టి ఇంట్లోనూ నరకడం వరకే చేశాను. మిగిలిన పోస్టులకు హెడ్డింగులు తగిలించాను. మూడు వారాల్లో రోజుకు ముప్పై మంది నాలుగు వందలయ్యారు. నిటారుగా పైకి లేచిన ఆ గ్రాఫు చూపిస్తే మొగిలి గారు “మంచిగున్నది” అన్నారు. ఎవరింట్లోనో పెళ్ళి ఫోటోలు చూసి అన్నట్టుగా అన్నారు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ మరుసటి బుధవారం సాయంత్రం హఫీజ్‌పేట్ నుంచి రాజయ్య గారనే పెద్దమనిషి ఫోన్ చేశారు. ఆయనింట్లో షార్ట్ సర్క్యూటై మోటారు కాలింది, స్టార్టర్ డబ్బా కూడా మాడిపోయింది. డబ్బాతో పాటు అందులో ఉన్న కాగితం కాలిపోయింది. “నీ బ్లాగుల ఉంటది గద మొగిలీ, ఇంకో కాగితం తీపిచ్చి తే” అన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది, నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను.

ఫోన్ పెట్టేసి మొగిలి గారు వెతికారు. మళ్ళీ వెతికారు. “గిదేంది బిడ్డా, తెరుచుకుంటలేదు?” అని ఫోను నా చేతికిచ్చారు.

చెప్పాను. ఎన్ని కొట్టేశానో, ఎందుకు కొట్టేశానో, తిరిగి రావని కూడా చెప్పాను. ఇంటర్నెట్లో పాత పేజీలు దాచే చోట అక్కడికక్కడే వెతికాను. మొదటి పేజీ తప్ప ఏమీ దొరకలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు ఆ అరుగు మీద కూర్చున్నాను.

“ఏమైందయ్యా?” అని వంటింట్లోంచి బుచ్చమ్మ గారు కేకేశారు.

“ఏం లేదు, నెట్టు వస్తలేదు” అన్నారాయన. నా వైపు చూడలేదు.

“మీకు గుర్తున్నవి చెప్పండంకుల్, రాత్రింబవళ్ళు కూర్చుని టైపు చేస్తాను” అన్నాను.

“అన్ని యాదికుంటే రాసుడెందుకు బిడ్డా?” అన్నారు. అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. నా చేతిలోంచి ఫోను తీసుకుని, “పరేషాన్ గాకు. ఆదివారం నీకు సెలవే గద, పొద్దుగాల తయారుండు” అన్నారు.

రాజయ్య గారి మోటారును మొగిలి గారు మరునాడే పైకి తీసి, మార్చి, దించి వచ్చారు. కాగితం సంగతి మాత్రం తర్వాత చూద్దామని చెప్పారట.

ఆదివారం ఆయన స్కూటర్ వెనక కూర్చున్నాను. మొదట ఆగింది మా పక్క వీధిలోని ఒక ఆడపిల్లల హాస్టల్ దగ్గర. ఆయన మెయిన్ ఆపి, మెట్ల కింద గోడకున్న స్టార్టర్ డబ్బా తలుపు తీశారు. తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం అంటించి ఉంది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించిన పోస్టు. నేను కొట్టేసిన పోస్టు.

“లింకు పంపిన దినమే కాయితం తీపిచ్చి పెట్టుకుంటరు” అన్నారు మొగిలి గారు. “మోటరు కాలినప్పుడు ఫోన్ల ఎవడు దేవులాడుతడు? డబ్బ తెరుస్తె కనవడాలె.”

అంటే అది సున్నా కాదు. ఒకసారి చూశాక మళ్ళీ బ్లాగుకు రావలసిన అవసరం లేకుండా చదివారన్నమాట. నేను ఆ కాగితానికి ఫోటో తీయబోయి, కింద చూసి ఆగిపోయాను. ప్రింటు ముగిసిన చోట పెన్నుతో రాతలు మొదలయ్యాయి. ‘2013 ఏప్రిల్, నీళ్ళు సగమే వస్తున్నాయి, తెల్లారగట్ల ఐదింటికి వేయాలి.’ దాని కింద ఇంకో దస్తూరీతో, ‘2016, మొగిలి వచ్చి రెండు పైపులు కలిపిండు.’ దాని కింద హిందీలో ఎవరో వాచ్‌మన్, ఎర్ర బటన్ గట్టిగా నొక్కొద్దని. ఇంటి యజమానులు మారారు, హాస్టల్ నడిపేవాళ్ళు మారారు, వాచ్‌మన్లు మారారు. వెళ్ళిపోయేవాళ్ళు ఎవరో తెలియని తరువాతివాళ్ళ కోసం ఒక్కొక్క వాక్యం రాసి వెళ్ళారు.

పదిహేడేళ్ళుగా ఈ బ్లాగుకు కామెంట్లు వస్తూనే ఉన్నాయి. మా తొమ్మిదో అంతస్తు నుంచి అవి కనబడవు, అంతే.

ఆ ఆదివారం నలభై ఒక్క డబ్బాలు తెరిచాం. మూసాపేటలో కనకలక్ష్మి గారి టిఫిన్ సెంటరు వెనక గోడకున్న డబ్బాలో కాగితానికి పసుపు బొట్టు పెట్టి ఉంది. కొండాపూర్ దారిలో ఒక అపార్టుమెంటులో ఎవరో ఇంజినీరు, ఖాళీ చేసి వెళ్ళేలోపు తొమ్మిది వేసవుల నీటి మట్టం ఆ కాగితం వెనక గళ్ళు గీసి గ్రాఫు వేశాడు. గీత కిందికి దిగుతూ, ఇంకుడు గుంత తవ్విన ఏడాది నుంచి మెల్లగా పైకి లేచింది. గ్రాఫులు చూడటమే నా జీతం. అలాంటి గ్రాఫు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీస్తుంటే కళ్ళు మసకబారాయి. మొగిలి గారేమో పక్కన నిలబడి ఇచ్చిన చాయ్ తాగుతున్నారు, ఇదంతా మామూలే అన్నట్టు.

“అంకుల్, మీకు ఆశ్చర్యంగా లేదా?”

“దేనికి? ఒక ఇంటికొక ముచ్చట రాసిన. ఆ ఇంటోళ్ళు సదువుకున్నరు. ఇంక ఎవలు సదవాలె?”

ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నాకు ఆ ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

ఐదు ఆదివారాలు తిరిగాం. మూడో ఆదివారానికే ఈ సంగతి వాచ్‌మన్ల నోట, మెకానిక్‌ల నోట పాకిపోయింది. తెలియని నంబర్ల నుంచి నా ఫోనుకు ఫోటోలు రావడం మొదలైంది. నూనె మరకలు, చెదలు తిన్న మూలలు, ఒకదాని మీద బల్లి గుడ్లు. ఆఫీసు మీటింగులో ఉన్నా ఫోను మోగితే దొంగచాటుగా చూసేదాన్ని. అయిదు వందల పన్నెండు పోస్టులు తిరిగొచ్చాయి. నేను పోగొట్టినవాటికంటే పెద్దవై వచ్చాయి, కింద పెన్ను రాతలన్నీ కలుపుకుని. మిగిలినవి రావు. ఆ ఇళ్ళే కొన్ని కూలిపోయి టవర్లయ్యాయి.

రాజయ్య గారింటికి మాత్రం నేను వెళ్ళలేదు. ఏదో ఒక సాకు చెప్పి ప్రతి ఆదివారం తప్పించాను. మిగతావి ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉన్నాయి. ఆయనది మాత్రం రెండు చోట్లా లేదు. ఒకచోట నిప్పు కాల్చింది, ఇంకోచోట నేను. ఐదో ఆదివారం మొగిలి గారు నన్ను అడగకుండానే బండిని హఫీజ్‌పేట్ స్టేషన్ వైపు తిప్పారు.

పాత కాలనీలో రెండు గదుల ఇల్లు. రాజయ్య గారికి డెబ్బై దాటి ఉంటాయి. కొత్త స్టార్టర్ డబ్బా తలుపు తీసి చూపించారు. లోపల నాలుగు మూలలా టేపు ముక్కలు ముందే అంటించి పెట్టారు, మధ్యలో కాగితమే లేదు. “తెచ్చినవా మొగిలీ?” అన్నారు.

మొగిలి గారు నోరు తెరవబోయారు. నేను అడ్డుపడ్డాను. ఈసారి కూడా నెట్టు మీదకు తోసేస్తారేమోనని భయమేసింది. “లేదండి. నేనే కొట్టేశాను. ఎవరూ చదవడం లేదనుకున్నాను.”

ఆయన నా వైపు తిరిగారు. “తెల్వక చేసినవా, తెలిసి చేసినవా?”

“తెలుసనుకుని చేశానండి.”

రాజయ్య గారు లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి డబ్బా పక్కన వేశారు. “నాకు సదువు రాదు బిడ్డా. నెల నెల కరెంటు మీటరు చూడనీకి పిలగాడు వస్తడు. మీటరు ఈ డబ్బ పక్కనే. ‘జర ఇది సదివి పో నాయనా’ అనేటోన్ని. పిలగాండ్లు మారిన్రు గని, సదువుడు బంద్ గాలె. పన్నెండేండ్లు విన్న. కూసో, రాసుకో.”

గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. అవి మొగిలి గారి మాటలు, ఒక్క అక్షరం తేడా లేకుండా.

“ఇరవై ఆరు ఏప్రిల్, రెండువేల పన్నెండు. హఫీజ్‌పేట్, రాజయ్య ఇల్లు. అరవై అడుగుల కాడ కేసింగ్ పైపు ఆగింది. నూట ఎనభై కాడ జర తడి కనవడ్డది గని నీళ్ళు రాలె. రెండు నూర్ల ఎనభై దాక ఉత్త దుమ్మే. నేను బోరు బండి ఆపుమన్న. రాజయ్య గూడ ఆపుమన్నడు. రాజయ్య పెండ్లాం పోచమ్మ ఒప్పుకోలె. మీరు పొయ్యి చాయ్ తాగుండ్రి, నేనీడ నిలవడత, ఎట్ల రావో చూస్త అన్నది. మూడు నూర్ల పన్నెండు కాడ నీళ్ళు వడ్డయి. రెండున్నర ఇంచుల ధార. బురదంత పోచమ్మ మీద వడ్డది. జరుగుమంటె జరగలె. అట్లనే నవ్వుకుంట నిలవడ్డది.”

ఆయన మాటల వెనకే టైపు చేస్తూ పోయాను. మొగిలి గారు గేటు వైపు తిరిగి నిలబడ్డారు. పన్నెండేళ్ళు నెలనెలా పైకి చదివించుకుని ఒక మనిషి ఈ పోస్టును కంఠతా పట్టాడు. నా లెక్కలో ఇది సున్నా.

పైనుంచి కిందికి చదివి వినిపించాను. “మూడు నూర్ల పది గాదు, పన్నెండు” అని ఒకచోట దిద్దారు. దిద్దాను. తలుపులోంచి, లోపలి గోడ మీద దండ వేసిన పోచమ్మ గారి ఫోటో అప్పుడు చూశాను. కింద ఆమె పేరు, మరణం 2016 అని ఉంది.

మిగతా కాగితాలన్నిటికీ కింద తర్వాతి సంగతులు చేర్చాం కదా అనుకుని, మెల్లగా అడిగాను. “ఆవిడ పోయిన సంగతి కూడా కింద రాయమంటారాండి?”

“వద్దు బిడ్డా” అన్నారు రాజయ్య గారు. “అండ్ల ఆమె ఉన్నది. ఉండనియ్యి.”