వంకర కొయ్య

కాఫీ మరిగేలోపు ఓస్మో ఖాళీ రైఫిల్‌ను ఇరవైసార్లు భుజానికెత్తుతాడు. ముప్పైనాలుగేళ్లుగా ప్రతి శరత్కాలంలోనూ ఇదే పని. ఇవాళ కూడా ఎత్తాడు. తుపాకీ మడమ కుడిభుజంలో ఒదిగింది, చెంప పిడికొయ్యకు ఆనింది. కానీ తుపాకీ మీది దుర్భిణిలో ఏమీ కనబడలేదు. మార్చిలో కలప కోతమిల్లులో ఎగిరిన చెక్కపేడు కుడికన్నును తినేసింది. మిల్లువాళ్లు ఒక పూలగుత్తి పంపారు, ఆ పనిలోకి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

సాయంత్రం నాలుగింటికి కాల్పుల పరీక్ష. డెబ్బైఐదు మీటర్లు, నిమిషంన్నర, నాలుగు గుండ్లు, నాలుగూ వలయంలో పడాలి. తప్పితే మూస్ దుప్పి వేటలో అతనికి కాపు కాసే చోటు ఉండదు. బురదనేల అంచున ఉన్న ఏడో నంబరు కాపు కెయ్యో అల్లుడికి పోతుంది. కాల్చలేనివాళ్లకు జట్టులో ఒకటే పని, సూపు కుండ. జట్టు పెద్ద కెయ్యో అతనికోసం గరిటె కూడా చూసిపెట్టాడట.

తుపాకీలకు పిడికొయ్యలు చెక్కే ఇర్యా తన కొట్టులో మూడింటిని బల్లమీద పెట్టింది.

"ఇది ప్లాస్టిక్. తడికి ఉబ్బదు, మంచుకి పగలదు. సగం ఊరు ఇదే వాడుతోంది."

"సగం ఊరికి కుడికన్ను ఉంది."

"అయితే ఇది తీసుకో. ఎడమభుజానికి చేసింది."

తన రైఫిల్ గొట్టాన్ని అందులో వదులుగా పెట్టి ఎడమభుజానికి ఎత్తాడు. ఎడమచేతి వేలు మీటకోసం తడుముకుంది. బోల్టు లాగబోతే మోచేయి అడ్డొచ్చింది. ఎవడిదో చొక్కా తొడుక్కున్నట్టు ఉంది. దించేశాడు.

మూడోది బర్చి చెట్టు కొయ్య. మెడ దగ్గర ఒక్కసారిగా పక్కకు వంగి ఉంది. మడమ కుడిభుజానికి ఆనితే గొట్టం సరిగ్గా ఎడమకంటి ముందుకొచ్చేలా చెక్కారు.

"మా నాన్న చేశాడు. చేయించుకున్నవాడు చూసి సిగ్గుపడి తీసుకెళ్లలేదు."

"నేను సిగ్గుపడను. బిగించు."

"చెంప వాయగొడుతుంది, ముందే చెప్తున్నా."

"మిల్లు ఇంతకంటే ఎక్కువే కొట్టింది."

ఇర్యా రెండు గంటలు చెక్కి రైఫిల్‌ను అందులో కూర్చోబెట్టింది. మధ్యాహ్నం ఇసుకగోతిలో ఆరు గుండ్లు కాల్చి దుర్భిణి సరిచేసుకున్నాడు. ఆరో గుండుకి చెంపమీద చర్మం చిట్లింది.

కాల్పుల మైదానంలో అతని చేతిలోది చూసి అందరూ నవ్వారు.

"ఏరా ఓస్మో," అన్నాడు కెయ్యో, "అది చెట్టు చుట్టూ తిరిగి కాలుస్తుందా?"

"చెట్టు వెనక నిలబడు. చూద్దాం."

ఓస్మో పడుకుని కాల్చలేదు, బస్తామీద ఆనించలేదు. ఎప్పట్లాగే నిలబడి, పక్కనున్న కమ్మికి చేయి ఆనించి కాల్చాడు. ప్రతి దెబ్బకూ తల అదిరింది. నాలుగోదానికి చెంపనుంచి రక్తం కారి కాలరులోకి దిగింది.

మూడు గుండ్లు వలయంలో పడ్డాయి. నాలుగోది గీతమీద. కెయ్యో అట్టమీదకు వంగి చాలాసేపు చూశాడు.

"బయటే కదా?"

"గీత తెగింది," అంది పరీక్ష పెట్టేందుకు పక్క ఊరినుంచి వచ్చినావిడ. "గీత తెగితే లోపలే." కాగితం మీద సంతకం చేసి ఓస్మోకి ఇచ్చింది.

రక్తం తుడుచుకోకుండానే అతను కెయ్యో వైపు తిరిగాడు. "గరిటె మీ అల్లుడికియ్యి. ఉప్పు చూసి వెయ్యమను."

అక్టోబరు రెండో శనివారం ఏడో నంబరునుంచి రేడియోకి జవాబు రాలేదు. వెళ్లి చూస్తే పైన్ చెట్టుకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తుపాకీ ఒళ్లో ఉంది, మీటకు తాళం వేసే ఉంది. ఫ్లాస్కులో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

పోయినవాడి రైఫిల్‌ను ముందు జట్టులోవాళ్లు చూసుకున్నాకే బయటికి అమ్ముతారు, ఇక్కడి పద్ధతది. వేటగుడిసెలో ఒక్కొక్కరూ ఎత్తి చూశారు. కెయ్యో అల్లుడు రెండుసార్లు ఎత్తాడు. మెడ వంచాడు, భుజం మార్చాడు, దుర్భిణిలో నలుపు తప్ప ఏమీ కనబడక దించేశాడు. ఏడో నంబరు అతనికే వచ్చింది, తన ప్లాస్టిక్ పిడి తుపాకీతోనే వెళ్లి కూర్చున్నాడు.

బర్చి కొయ్య గుడిసె మూలలో గోడకు నిలబెట్టి ఉంది, ఎటు తిప్పి ఆనించినా గోడకు ఎడంగానే.