నేస్తాన్ని పేరు పెట్టి పిలిచిన ఊరు

పెనాంగ్‌లో ఓడ దిగిన పూటే జగదీశ్వరి నన్ను పేరు పెట్టి పిలిచింది. "దేముడమ్మా, ఆ పెట్టె కూడా అందుకో," అంది.

ఇందులో తప్పేముందని మీరనుకోవచ్చు. మా శ్రీకాకుళం వేపు నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు నోటితో పలకరు. పలికారంటే ఆ నేస్తరికాన్ని తెంపుకున్నట్టే. మేమిద్దరం శ్రీముఖలింగంలో స్వామి ఎదట పసుపు కుంకాలు మార్చుకుని నేస్తం కట్టుకున్నాం. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ నాకూ అమ్మే. కోటబొమ్మాళిలో వాళ్ళకి రైసుమిల్లుంది, మా అయ్యకి కాస్త చోడి చేను, అంటే రాగి చేను, ఉంది. విజయనగరంలో సంగీతం నేర్చుకుంటూ ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. మిల్లూ చేనూ ఎన్నడూ మా మధ్యకి రాలేదు. ఇప్పుడు నేనూ ఆమె పేరు రాసేస్తున్నానంటే నా కడుపు ఎంత మండిందో చూడండి.

అరవై ఎనిమిదిలో మలేషియాలోని పెనాంగ్ తెలుగు సంఘంవారు ఉగాది కచేరీకి మా సంగీతం పిల్లల్ని పిలిచి, ఓడ ఖర్చులు పెట్టుకున్నారు. మాకు సంగీతం నేర్పే భావనారాయణ మేష్టారు మా ఇద్దరినీ జంటపాటకి తయారుచేశారు. మిగతా పిల్లలు సత్రంలో దిగారు. మేం జగదీశ్వరి మేనత్త లక్ష్మీనరసమ్మగారింటికి వెళ్ళాం. ఆవిడ భర్తే ఆ సంఘానికి పెద్ద.

ఇంటి ముందు రెండు కార్లు. లోపల కాలు పెట్టాలంటే జంకు పుట్టే నున్నటి పాలరాతి నేల. ఆ మేనత్తగారు నా నేతచీరని కిందనుంచి పైదాకా చూసి ఈ పిల్లెవరని అడిగింది. మా ఊరిదే, నాకు తోడొచ్చింది అని ఊరుకుంది జగదీశ్వరి. అంతే, నా చాప వంటింటి వెనక గదిలో పడింది.

అక్కడ వంటచేసే లక్ష్మణమ్మ మా ఊరి పేరు వినగానే పని మానేసి కూర్చుంది. ఆమె అమ్మానాన్నలు టెక్కలి వేపునుంచి రబ్బరు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళలాంటి ఎందరినో ఓడెక్కించి తెచ్చిన మేస్త్రీ ఈ ఇంటాయన తండ్రేనట. తెచ్చినవాళ్ళకి మేడ లేచింది, వచ్చినవాళ్ళ కూతురు ఇంకా అంట్లు తోముతోంది. ఆమె ఆప్యాయంగా సత్తుకంచంలో అన్నం పెట్టింది. ముందు గదిలోంచి జగదీశ్వరి నవ్వు వినబడుతూనే ఉంది.

మర్నాడు పెరట్లో జగదీశ్వరిని నిలదీశాను.

"ఏటే నేస్తం, నన్ను పేరెట్టి పిలుస్తన్నావు?"

"నాలుగు రోజులు ఓర్సుకో. సోడి సేనోళ్ళ పిల్లతో ఒకే కంచంలో తింటన్నానని ఈళ్ళకి ఎలా సెప్పమంటావు?" అంది. "కచేరీలో నానే పాడతాను. నువ్వెనక కూకుని తంబూరా మీటు. మావయ్య మేష్టారికి సెప్పేసినారు."

అది నిజమై ఉండదని మేష్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన నా మొహంలోకి చూడలేకపోయారు. వాళ్ళ మాట కాదనలేమమ్మా, పిల్లలందరూ క్షేమంగా తిరిగి వెళ్ళాలి కదా అని గొణిగారు. ఏడాది పొడుగునా నా గొంతుని మెచ్చుకున్న మనిషి ఆయన.

అయినా నా మనసు జగదీశ్వరిని వదల్లేదు. డబ్బున్నవాళ్ళ ముందు బెదిరిపోయింది, అంతేనని సర్దిచెప్పుకున్నాను. ఒక్క మాట గుచ్చుకుంటే చాలు, నా నేస్తం నాకు తిరిగి వస్తుందనుకున్నాను.

కచేరీనాడు తెర ఇంకా లేవలేదు. అత్తగారూ మరికొందరు ఆడవాళ్ళూ వేదిక మీదే నిలబడి జగదీశ్వరి మెడలో ముత్యాలహారం సర్దుతున్నారు. నేను తంబూరా ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళందరికీ వినబడేలా అడిగాను.

"శ్రుతి సరిపోయిందా, అమ్మాయిగారూ?"

ఆ పిలుపుకి ఆమె మొహం మాడిపోతుందని, చివాలున తిరిగి నా చెయ్యి పట్టుకుంటుందని ఎదురుచూశాను.

ఆమె తల తిప్పలేదు.

"సరిపోయింది," అంది. "ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చో."