వెనకాలవాళ్ళ దారి

విక్రమ్ దానధర్మాలు చేసే మనిషి కాదు. గుడి చందాకి వచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి పోయినేటి లెక్కలు అడిగే రకం. అలాంటివాడు కోడూరు అవతల రొయ్యల చెరువుల పక్కన ఇల్లు కట్టుకుని, హైదరాబాదు కంపెనీకి అక్కణ్ణుంచే పని చేస్తూ, ఎవరూ అడక్కుండానే ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఒక ఉపకారం చేస్తున్నాడు.

కొన్ని దేశాల్లో ప్రభుత్వానికి నచ్చని వెబ్‌సైట్లు తెరుచుకోవు. అక్కడివాళ్ళు వాటిని చూడాలంటే ఇంకెవరి కంప్యూటర్ మీదుగానో చుట్టు తిరిగి వెళ్ళాలి. అలా దారి ఇచ్చే కంప్యూటర్లలో విక్రమ్‌ది ఒకటి. ఆ ప్రోగ్రామును ఒక కంటైనర్‌లో పెట్టాడు. ఈ ప్రాంతంలో కంటైనర్ అంటే రొయ్యలు ఎక్కించుకుపోయే ఐసు లారీ. ఇది అది కాదు. కంప్యూటర్ లోపలే నాలుగు గోడలు కట్టి ఒక ప్రోగ్రామును విడిగా కూర్చోబెట్టడం. అందులోకి వచ్చింది అందులోంచే పోతుంది, ఆఫీసు ఫైళ్ళ జోలికి రాదు. ఆగిపోతే దానంతటదే లేస్తుంది. కరెంటు పోయినా ఫరవాలేదు, చెరువుల కోసం జనరేటర్ ఎలాగూ ఉంది.

వెళ్ళేవాళ్ళు ఎవరో, ఏం చదువుతున్నారో అతనికి కనపడదు. ఇంతమంది మీ మీదుగా వెళ్ళారు అని గంటకోసారి తెర మీద ఒక్క లైను పడుతుంది, అంతే. ఆ లైను చూసుకుంటూ కాఫీ తాగడం అతనికి అలవాటు. ఎవరూ థాంక్స్ చెప్పరు, అదే అందులో ఉన్న గొప్ప అని భార్యతో చాలాసార్లు అన్నాడు. ఆవిడ విని విని ఊరుకుంది.

జూలై చివర్లో ఆ లైనులో సున్నా పడింది. మర్నాడూ సున్నాయే. కేబుల్ నెట్ ఇచ్చే దుర్గాశ్రీనివాస్ ఏదో కొత్త పరికరం బిగించాడనీ, అదే ఈ రాకపోకలకు అడ్డం పడుతోందనీ తేల్చుకునేసరికి విక్రమ్‌కి ఒళ్ళు మండింది. ఫోన్ తీశాడు.

సరిగ్గా అప్పుడే అతని మేనత్త జానకి వచ్చింది. గుడివాడలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. పామర్రులో బస్సు మారి మరీ ఎందుకొచ్చిందో విక్రమ్‌కి తెలుసు. అతని చెరువుల వెనకాల ఆవిడకి కాస్త వరి పొలం ఉంది. దానికి కాలువ నీళ్ళు వెళ్ళే బోదె పూర్వం విక్రమ్ పొలంలోంచే ఉండేది. ముందు పొలంవాడు వెనక పొలానికి నీళ్ళు వదలాలన్నది ఇక్కడ ఎవరూ కాగితం రాసుకోని ఏర్పాటు. రెండేళ్ళ కిందట విక్రమ్ చెరువులు తవ్వించినప్పుడు ఆ బోదె గట్టు కింద పూడిపోయింది. తూము వేయిస్తానన్నాడు. వేయించాలంటే ఒక చెరువు ఖాళీ చేసి గట్టు కోయాలి, రొయ్య ఎదగకుండానే అమ్ముకోవాలి. ఈ రొయ్యల పట్టుబడి కానివ్వమన్నాడు. అదయ్యాక వచ్చే పట్టుబడి అన్నాడు. ఆవిడ విసిగిపోయి ఆ పొలం కూడా తనకే లీజుకిస్తుందన్న ఆశ మనసులో ఓ మూల ఉంది. ఆ సంగతి అతను తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు.

ఈ రెండేళ్ళూ కౌలు రైతు దయానందం మురుగు కాలువలో ఇంజను పెట్టి నీళ్ళు తోడుకుని ఎలాగో నెట్టుకొచ్చాడు. ఈసారి ఆ నీళ్ళు ఉప్పు తేలాయి. నారుమడి నెర్రెలిచ్చింది. వారంలో మంచినీళ్ళు రాకపోతే పొలం వదిలేస్తానని జానకికి చెప్పేశాడు.

విక్రమ్ ఆవిడను చేత్తోనే కూర్చోమని, ఫోన్లో గొంతు పెంచాడు.

"అది నేను వాడుకునేది కాదండీ శ్రీనివాస్ గారూ. వెనకాలవాళ్ళకి వెళ్ళేది. నా మీంచి వెళ్ళనివ్వడం వరకే నా పని. మధ్యలో ఉన్నవాడు అడ్డం పెడితే చివరున్నవాళ్ళు ఏవైపోవాలి?"

దుర్గాశ్రీనివాస్ వాదించలేదు. తప్పు మాదేనండీ, చూసుకోలేదు, సాయంత్రానికల్లా సరిచేస్తానన్నాడు. అది మార్చేటప్పుడు మిగతా ఇళ్ళకి కాసేపు నెట్ పోతుందనీ, నాలుగు మాటలు పడాల్సి వస్తే పడతాననీ అన్నాడు.

గెలిచిన ఉత్సాహంలో విక్రమ్ అత్తయ్యకి కాఫీ ఇచ్చి, ఆ ఫోను గొడవేమిటని ఆవిడ అడిగిందే చాలని మొత్తం విడమరిచి చెప్పాడు. ఆవిడ పిల్లవాడు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు చివరిదాకా విన్నది.

"బాగా చెప్పావురా. ఇందాక ఫోన్లో అన్న మాటలే కాగితం మీద రాసివ్వు. రేపు బందరు కలెక్టరాఫీసులో నీ మీద అర్జీ పెట్టాలి. నాకింత బాగా కుదరడం లేదు."

విక్రమ్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చేతిసంచీలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. అతను తమాషాకే అన్నట్టు పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టి, 'మధ్యలో ఉన్నవాడు' దగ్గర ఆగిపోయాడు. చాలా సిగ్గేసింది. జానకి కాగితం మడిచి సంచీలో పెట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి తెర మీద మళ్ళీ మనుషుల లెక్క పడింది. అతనికి ఆ లైను రెండోసారి చూడబుద్ధి కాలేదు. దుర్గాశ్రీనివాస్ ఒక్క ఫోనుకి తప్పు మాదేనన్నాడు. తను ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అదే తల్చుకుంటూ రొయ్యల కొనుగోలుదారుకి ఫోన్ చేశాడు. వచ్చినవాడు రొయ్య చిన్నదని ధర అడ్డంగా కోశాడు. విక్రమ్ కోయించుకున్నాడు. పొక్లెయిన్ వచ్చి గట్టు తెగ్గొట్టింది, తూములు దిగాయి, గట్టు మళ్ళీ లేచింది. కాలువ నీళ్ళు దాని కిందనుంచి వెనక్కి వెళ్ళాయి.

ఆ రోజు జానకి గుడివాడ నుంచి వచ్చి పొలం గట్టు మీద నిలబడింది. నారుమడిలో నెర్రెలు మెల్లగా మూసుకుంటున్నాయి. విక్రమ్ కాస్త దూరంలో నిలబడి ఆవిడ మొహంకేసి చూస్తున్నాడు. ఒక మంచి మాట వస్తుందేమోనని అతనికి ఆశగానే ఉంది.

"ఆ కంప్యూటర్లోంచి వెళ్ళేవాళ్ళు నీకు థాంక్స్ చెప్తారా?" అంది ఆవిడ, అతని వైపు తిరక్కుండానే.

"చెప్పరు అత్తయ్యా."

"నేనూ చెప్పను," అని, దయానందాన్ని రెండో మడికి నీళ్ళు తిప్పమంది.