నేల తన్నితే కదిలే పాట

"ఆ గీత ఇంకా లోతుకు పోయి, ఏదో ఒకరోజు ఆ రికార్డు రెండు ముక్కలైపోతుందేమో కాజ్" అన్నాను, గుడ్లు వేయిస్తూ.

మా ఆయన మొహానికి అడ్డం పెట్టుకున్న పేపరు దించలేదు. "రికార్డులు అలా విరగవు జెనీ. భయపడడానికి ఇవాళ నీకు ఇంకేమీ దొరకలేదా? నిన్న బాయిలర్ పేలుతుందన్నావు. మొన్న నా వీపు మీద పుట్టుమచ్చ."

"విరిగితే వాడేమైపోతాడు?"

ఆయన పేపరు పేజీ తిప్పాడు.

మా అబ్బాయి లెనీ గది సరిగ్గా వంటగది నెత్తిన ఉంటుంది. వాడు వియత్నాం యుద్ధం నుంచి వచ్చి ఏడు నెలలు. వచ్చిన రోజు సంచి దింపి, పాత ప్లేయరు దుమ్ము దులిపి, వెంట తెచ్చుకున్న రికార్డు పెట్టాడు. కోల్డ్‌వాటర్ బ్యాండ్‌ది. మా వైపు ఫ్లింట్ ఊరి కుర్రాళ్లే, నలుగురూ గడ్డాలవాళ్లు. అట్ట మీద మంచులో కూరుకుపోయిన లారీ బొమ్మ, మూలన బాల్‌పెన్నుతో రాసిన పేరు: డ్వైట్. అక్కడ వాడి పక్క మంచం కుర్రాడు. అర్కాన్సా రాష్ట్రం వాడట. శవం పెట్టెలో ఇంటికి పోయాడని ఉత్తరంలో ఒక్క ముక్క రాశాడు లెనీ. ఆ తరవాత ఆ పేరు ఎత్తలేదు. అసలు ఏ పేరూ ఎత్తలేదు. అడిగితే తలూపుతాడు, పళ్లెం పెడితే సగం తింటాడు, లోపల గొళ్లెం పెట్టుకుంటాడు.

పొద్దస్తమానం అదే రికార్డు. మొదటి పక్క ఇరవై ఒక్క నిమిషాలు. అయిపోయాక సూది చివరి గాడిలో పడి టిక్, టిక్ అని తిరుగుతుంది. ఆ ప్లేయరులో సూది ఉన్న చెయ్యి దానంతటదే లేవదు, మనిషి లేచి తియ్యాలి. అప్పుడు మంచం కిర్రుమంటుంది, రెండు అడుగులు పడతాయి, రికార్డు తిరగేస్తాడు. ఆ అడుగుల కోసం నేను కింద గిన్నె తోమడం ఆపి మరీ నిలబడేదాన్ని. మా పక్క వీధిలో ఒకావిడ కొడుకు, ఇలాగే తిరిగొచ్చినవాడే, ఏప్రిల్లో గరాజు తలుపు మూసి కారు స్టార్ట్ చేసుకుని కూర్చుని, ఆ పొగకే చచ్చిపోయాడు. ఆవిడ పైన బట్టలు ఇస్త్రీ చేస్తూనే ఉందట. ఆవిడకు వినబడలేదు. నాకు వినబడాలి.

మూడో పాట మధ్యలో మాత్రం ఒక గండం. పాడేవాడు ఇంటికి పోతున్నానని అందుకునే చోట పెద్ద గీత. సూది అక్కడ ఇరుక్కుని 'ఇంటికి... ఇంటికి... ఇంటికి' అని అదే పట్టుకుంటుంది. నాలుగైదు సార్లయ్యాక లెనీ మడమతో నేలను ధడేలున తంతాడు. సూది ఎగిరి ముందుకు పోతుంది. నా నెత్తిన దీపం ఊగుతుంది. రోజుకు పదిసార్లు ఆ దెబ్బ నా గుండె మీద పడేది. పిల్లాడికి పిచ్చెక్కడానికి ఆ ఇరుక్కోవడం ఒక్కటి చాలదా అనిపించేది.

బుధవారాలు కాజ్ వాడిని కార్లో ఆస్పత్రికి తీసుకెళతాడు. ఫ్యాక్టరీలో ఆయన షిఫ్టు మధ్యాహ్నం మూడున్నరకు గాని మొదలవదు. ఆ బుధవారం వాళ్లు వీధి మలుపు తిరగగానే పైకెళ్లాను. రికార్డు ప్లేయరు మీదే ఉంది. గాడుల నిండా దుమ్ము, వేలిముద్రలు. ఆ గీత గోరుకు తగులుతోంది. మా ముందుగది బల్ల మీద ఎంత గీత పడ్డా పాలిష్ రెండు పూతలు వేస్తే కనబడకుండా పోతుంది కదా. డబ్బా తెచ్చాను. రికార్డు మీద జల్లి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దాను. రెండు పక్కలా. అద్దంలా మెరిసింది. అంత మెరుపు చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

పెట్టి చూశాను. బురదలోంచి ఎవరో మూలుగుతున్నట్టు వచ్చింది. సూది చుట్టూ తెల్లటి జిగురు ముద్ద కట్టింది. కడిగాను. ఇంకా ఘోరమైంది.

కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా బజారు వీధిలోని రికార్డుల కొట్టుకు పరుగెత్తాను. కొట్టాయన నా ఈడువాడే, గడ్డం ఛాతీ దాకా ఉంది. రికార్డును వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పెట్టి తుడిచారు మేడమ్?"

"బల్లలకు వేసే పాలిష్."

"ఇంకా నయం, వార్నిష్ వెయ్యలేదు. దీని మీద కాఫీకప్పు పెట్టుకోవచ్చు, పాట మాత్రం వినలేరు."

"నవ్వకండి. బాగవుతుందా కాదా చెప్పండి."

నా మొహం చూసి ఆయన నవ్వు ఆపేశాడు. "కాదమ్మా. సూది మార్చండి, రికార్డు పారెయ్యండి. ఇదే రికార్డు కొత్తది ఉంది, తీసుకెళ్లండి. మీ దాని మీద ఎలాగూ ఇంత గీత ఉంది. దీని మీద వెతికినా ఒక్కటి కనబడదు."

ఒక్క గీత కూడా లేదు! కన్య మరియమ్మే ఆయన నోట పలికించిందనుకున్నాను. నా తప్పు మాయమవుతుంది, పైగా ఆ ఇరుక్కోవడమూ పోతుంది. దారిలో పిచ్చిదానిలా నాలో నేను నవ్వుకున్నాను కూడా.

ఇంటికొచ్చి కొత్త రికార్డు ప్లేయరు మీద పెట్టాను. కొట్టాయన చూపించినట్టు సూది మార్చాను. అట్ట పాతదే ఉంచాను, దాని మీద పేరుంది గదా. పాడైన దాన్ని పేపర్లో చుట్టి వెనక సందులో చెత్తడబ్బాలో పడేశాను. పదకొండింటికి మునిసిపాలిటీ లారీ వచ్చి ఎత్తుకుపోయింది. అమ్మయ్య అనుకున్నాను.

పదకొండున్నరకు వాళ్లొచ్చారు. లెనీ టోపీ తియ్యకుండానే పైకెళ్లాడు. గొళ్లెం పడింది. పాట మొదలైంది. మొదటిది, రెండోది. కాజ్‌కు సూపు వడ్డిస్తున్నాను. మూడోది వచ్చింది. 'ఇంటికి' అన్నాడు పాడేవాడు, ఒక్కసారే అని హాయిగా ముందుకు సాగిపోయాడు.

అయినా మడమ పడింది. దీపం ఊగింది. పాట అప్పటికే ఆ చోటు దాటిపోయింది.

కాజ్ చెంచా పట్టుకుని పైకప్పు వైపు చూశాడు. "ఇరుక్కోలేదే?"

"కొత్తది కొన్నాను" అన్నాను. గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

"పాతదేది?"

"లారీ తీసుకుపోయింది."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "ఆ గీత డ్వైట్ గీసింది జెనీ. తాగి రికార్డు మీద పడ్డాడట. అప్పట్నుంచీ అక్కడికి రాగానే వాడు గాడిదలా గొంతెత్తి ఇంటికి ఇంటికి అని అరిచేవాడట, బూటు కాలితో వీడు తన్నేదాకా. రోజూ అదే ఆటట వాళ్లకు. 'ఆ చోటు వచ్చినప్పుడల్లా వాడు నా పక్కనే అరుస్తున్నట్టుంటుంది నాన్నా' అన్నాడు లెనీ. పోయిన నెల, కార్లో. ఏడు నెలల్లో నాతో అన్నది ఆ ఒక్క మాటే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు భయపడతావని. చచ్చినవాడి గొంతు వినబడుతోందంటే నువ్వు చర్చి ఫాదర్‌ని పిలుచుకొస్తావని."

పిలుచుకొచ్చేదాన్నే.

పైన ఆఖరి పాట అయిపోయింది. టిక్, టిక్. మేమిద్దరం పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాం. మంచం కిర్రుమనలేదు. సూపు మీద మీగడ కట్టింది. గడియారంలో ఐదు నిమిషాలు, పది. అడుగులు పడలేదు.

"నిద్రపోయాడేమో" అన్నాడు కాజ్. ఆ మాట ఆయనే నమ్మలేదని గొంతే చెప్పింది.

మెట్లెక్కాను. తలుపు తట్టాను. "లెనీ."

టిక్. టిక్.

"లెనీ, నాన్నా, తలుపు తియ్యి."

కాజ్ నా వెనకాలే వచ్చి భుజం తలుపుకు ఆనించాడు. ఆగమని చెయ్యెత్తాను. తలుపు బద్దలుకొడితే లోపల ఏం చూడాల్సొస్తుందో నాకు తెలియదు. చూసేలోపు నా మాట వాడి చెవిన పడాలి. వినే చెవి ఇంకా ఉంటే.

"నేనే చేశాను" అన్నాను చెక్కకు నోరు ఆనించి. "నీ రికార్డు పాలిష్ పెట్టి తుడిచాను. పాడైపోయింది. నీకు తెలియకూడదని కొత్తది పెట్టాను. పాతది చెత్తలో పారేశాను, లారీ వాళ్లు తీసుకుపోయారు. డ్వైట్ సంగతి నాకు తెలియదు నాన్నా. నన్ను తిట్టు. ఏదైనా విసిరెయ్యి. ఏదో ఒకటి చెయ్యి, నాకు వినబడేలా."

సూది తిరుగుతూనే ఉంది. కాజ్ ఊపిరి నా మెడ మీద తగులుతోంది. కింద ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ రాజుకుంది, ఆగింది, మళ్లీ రాజుకుంది. తలుపు రంగు మీద నా నోటి ఆవిరి చెమ్మగా పేరుకుంది. కాజ్ ఒక అడుగు వెనక్కి వేసి, భుజం వంచి, నన్ను పక్కకు తప్పుకోమన్నాడు.

అప్పుడు లోపల్నుంచి, చాలా కిందనుంచి, నేల మీద పడుకున్న మనిషి గొంతు వచ్చింది.

"అమ్మా, వాడి గొంతు ఎలా ఉండేదో గుర్తుకు రావట్లేదు."