రెండో తాడు

మామగారికి పడవ మోటారు మీదున్న నమ్మకం కూతురి మొగుడి మీద లేదు. ఉంటే పెళ్లయి ఏడాది తిరిగినా అల్లుడి చేతికి ఆ మోటారు పిడి ఒక్కసారైనా ఇవ్వడా? పడవలో చేరిన నీళ్లు తోడే డబ్బా మాత్రం ఇచ్చాడు. మహానుభావుడు, అదే పదివేలు! పిడి పట్టుకుని ఒక్కసారి అవతలి ఒడ్డుకు వెళ్లి రావాలన్నదే పాపం అల్లుడి కోరిక.

"మా నాన్న నన్నిచ్చాడుగా బావా, ఇంకా పిడి కూడానా? ఆశకు అంతుండాలి," అని పెళ్లాం ఏడిపించేది.

ఇంతలో మోటారు దగ్గడం మొదలుపెట్టింది. మామగారు బుజ్జగించి చూశాడు, తిట్టి చూశాడు. అది మారాం మానలేదు. ఇక ఊడదీసి మెకానిక్ దగ్గరకు మోయక తప్పలేదు.

బయల్దేరేముందు పెళ్లాం అల్లుణ్ణి పక్కకు లాగింది. "మోటారు జారినా నీళ్లపాలు కాకుండా ముందు తాడు కడతారు. రెండో కొస పడవకు కట్టాలి. మా నాన్న తన నడుముకు కట్టుకుంటాడు. అదేంటంటే చెక్కను నమ్మనంటాడు. నువ్వు ఇంకో తాడు పట్టుకెళ్లు. అడక్కు, చెప్పకు, కట్టెయ్."

ఒడ్డు పక్కన నడుములోతు నీళ్లలో పడవ ఆపారు. మామగారు మోటారుకు తాడు కట్టి, రెండో కొస కూతురు చెప్పినట్టే నడుముకు బిగించుకున్నాడు.

"చూసి నేర్చుకో. పని తెలిసినవాడు ముందు తాడు కడతాడు."

"అలాగే మావయ్యా," అన్నాడు అల్లుడు బుద్ధిగా. పెద్దాయన వంగి బిగింపు మరలతో కుస్తీ పడుతుంటే, తన తాడును మోటారుకూ పడవ అడ్డబల్లకూ కట్టేశాడు.

మరలు వదులయ్యాయి. చెరోపక్క పట్టి లేపారు. "నిదానం, నిదానం, నీకు అలవాటు లేదు," అంటూనే అలవాటున్న మామగారు తడిచెక్క మీద కాలు జారాడు. మోటారు వెనక్కి ఒరిగింది. దాంతోపాటే మామగారూ దబ్బున నీళ్లలో పడ్డాడు. అల్లుడి తాడు బిర్రుగా బిగిసింది. మోటారు నీటికి బెత్తెడు పైన ఊగుతూ ఆగింది. పక్కనే మామగారు మీసాల నుంచి నీళ్లు కారుస్తూ లేచి నిలబడ్డాడు.

"ఈ తాడెవరు కట్టారు?"

'నేనే' అంటే చాలు, పిడి దక్కినట్టే. కానీ నీళ్లోడుతున్న ఆ ముఖం చూసి అల్లుడికి జాలేసింది. గొంతుదాకా వచ్చిన నవ్వు మింగేశాడు.

"మీరే కదా మావయ్యా, రెండోది కూడా కట్టమన్నారు."

మామగారు కాసేపు ఆలోచించాడు. "అన్నాను. అనకేం!"

ఇక చూడాలి! కింద పడ్డా పైచేయి ఆయనదే. "ఒక్క తాడును నమ్మకూడదయ్యా. మా అల్లుడికి చెప్పి రెండోది కట్టించా," అని మెకానిక్‌కు ఒకటే ఉపన్యాసం.

"మరి మీరెందుకు తడిశారు?" అన్నాడు మెకానిక్.

"స్నానం చేశాను. తప్పా?"

ఈ సంగతి విని పెళ్లాం నెత్తి కొట్టుకుంది. "బెల్లంకొట్టిన రాయిలా ఊరుకున్నావా? ఇక జన్మంతా నీళ్లు తోడుకో బావా!" నిజమే కాబోలని అల్లుడికి బెంగ పట్టుకుంది.

మోటారు బాగై వచ్చింది. మళ్లీ బిగించారు. అల్లుడు అలవాటుగా డబ్బా కోసం చెయ్యి చాపాడు. అది అక్కడ లేదు. మామగారు ముందుబల్ల మీద అటు తిరిగి కూర్చుని, దాంతో నీళ్లు తోడుతున్నాడు.

"వెళ్లి పిడి పట్టుకో," అన్నాడు వెనక్కి చూడకుండా. "ఆ రెండో తాడు కట్టమని నేను చెప్పలేదులే."