గోడమీది కోడలు

ధన్‌బాయి ఇంట్లో మధ్యాహ్నం సజ్జరొట్టెలు తిని, మజ్జిగ తాగి, అందరూ కాస్త నడుం వాలుస్తారు. ఆ కునుకు వేళలోనే గోడమీది మట్టిబొమ్మలు కూడా కాస్త అటూ ఇటూ తిరిగొస్తాయి. బన్నీ గడ్డిబయళ్ళలో ఏ గుండ్రటి మట్టింట్లో చూసినా అంతే. గుమ్మం పక్కన ఇంటి పెద్దావిడ బొమ్మ, ఎదురు గోడమీద కోడలి బొమ్మ, ఇద్దరి నెత్తినా నీళ్ళకుండలు, మధ్యలో అద్దంబిళ్ళలు పొదిగిన నెమళ్ళు, ఒంటెలు. జనం నిద్ర లేచేసరికి ఏదో ఒకటి జానెడు పక్కకి జరిగి ఉంటుంది. "నీ చోటు అదికాదే తల్లీ" అని గసిరితే మర్నాటికి సర్దుకుంటుంది. మేతకు పోయిన గేదె ఇల్లు చేరడం లాంటిదే అదీనూ.

ధన్‌బాయికి బొమ్మలమీద ఏ అనుమానమూ లేదు. ఆమె అనుమానమంతా మనుషులమీద. నీళ్ళ ట్యాంకరు వాడు గొట్టం ముందే కట్టేస్తాడని, పాలు కొలిచేవాడి గిన్నెకి సొట్ట ఉందని, పక్కింటి లాఛు తన నెమలి తోక చూసి వాళ్ళ గోడమీద దించుకుందని. ఆ చివరిది నిజమే అయ్యుండొచ్చు, లాఛు అంత తెలివితక్కువదేమీ కాదు.

ఆ ఏడు దీపావళికి ముందు గోడలు కొత్తగా అలకాల్సి వచ్చింది. మంచి మట్టి దూరపు చెరువులో ఉంది. కానీ అక్కడికి వెళితే ఊరి ఆడవాళ్ళందరూ ఒకచోట చేరి మట్టి కలుపుతారు, తను మట్టిలో గాడిద లద్ది ఏ పాళ్ళలో కలుపుతుందో పసిగట్టేస్తారు. అందుకని ధన్‌బాయి ఇంటికి దగ్గర్లోని గుంటలో మట్టి తవ్వించింది. వానాకాలంలో రణ్ అనే ఉప్పుబయలు నీళ్ళు పొంగి ఆ గుంటలోకి వస్తాయని ఆమెకి తెలియక కాదు. ఒక్క ఏడాదికి ఏమవుతుందిలే అనుకుంది.

కొత్త కోడలు మోంఘీ ముసుగు కిందనించే ఆ మట్టి చిటికెడు తీసి నాలుకమీద పెట్టుకుని, పక్కకి తిరిగి ఉమ్మేసింది. ధన్‌బాయి చూసింది. తన చేతి మట్టిని ఉమ్మేసిన మనిషిని ఆమె పుట్టాక చూడలేదు. కోడలు అత్త ముందు నోరు విప్పకూడదు కాబట్టి మోంఘీ ఏమీ అనలేదు. సాయంత్రం కొడుకు ఖేతా నసుగుతూ వచ్చి, "అమ్మా, ఆ మట్టి ఉంది చూశావా..." అన్నాడు.

"పెళ్ళై ఏడాది తిరగలేదు, అప్పుడే దాని నోరు నీకొచ్చిందా?" అంది ధన్‌బాయి.

ఖేతా గేదెల దగ్గరికి వెళ్ళిపోయాడు. మంచివాడే కానీ తల్లి ముందు నిలబడి రెండో మాట అన్న పాపాన పోలేదు.

మోంఘీ తన బొమ్మ తనే చేసుకుంది. సన్నటి నడుం, నుదుట చిన్న అద్దంబిళ్ళ. పండగ వెళ్ళాక ఆ బొమ్మ మధ్యాహ్నాలు జరగడం మొదలుపెట్టింది. జరిగితే వింతేం లేదు. కానీ ఎంత గసిరినా వెనక్కి పోలేదు. రోజూ కొంచెం కొంచెంగా గుమ్మం వైపే నడిచింది. లాఛు వచ్చి చూసి, తన మేనత్త బొమ్మ కూడా ఇలాగే గుమ్మం దారి పట్టిందనీ, ఆ వారమే మేనత్త మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి చక్కాపోయిందనీ చెప్పి, టీ తాగి వెళ్ళింది.

అది చాలదన్నట్టు గోడ అడుగున చెమ్మ కనపడింది. పొద్దున్నే చూస్తే తెల్లటి పొర, ముట్టుకుంటే పెచ్చులు. కోడలు పొద్దున్నే చెంబు పట్టుకుని తిరగడం ధన్‌బాయి చూసింది. అత్తమీద కోపంతో గోడకి నీళ్ళు పోస్తోందని ఆమెకి రూఢి అయిపోయింది. గోడ పాడుచేసి, ఈ ఇల్లు కలిసిరాలేదని పేరుపెట్టి వెళ్ళిపోవాలని ఎత్తు. అది పోతాననకముందే తనే పంపేస్తే పరువైనా దక్కుతుంది. చెల్లెల్ని తీసుకుపొమ్మని మోంఘీ అన్నకి ధన్‌బాయే కబురు పెట్టింది.

ఆ సంగతి తెలిసిన రోజు మోంఘీ గేదెల కొట్టంలో కూచుని ఏడ్చింది. ఆమెకి వెళ్ళాలని లేదు. ఖేతా అంటే ఇష్టం, ఈ ఇల్లన్నా ఇష్టం. వెళ్ళిపోతే మళ్ళీ పిలుపు రాదని తెలుసు. ఖేతా పక్కన నిలబడి గేదె వీపు రాస్తూ ఉండిపోయాడు.

అన్న వీరమ్ మూడు చక్రాల బండి వేసుకుని వచ్చాడు. మర్యాదకి అన్నం పెట్టారు, మర్యాదకి అతను తిన్నాడు. కాసేపు అందరూ పడుకున్నట్టు పడుకున్నారు. తర్వాత ధన్‌బాయి కోడలి బొంతలు మూట కట్టడానికి లేచి, గుమ్మం పక్కన ఆగిపోయింది.

తన బొమ్మకి కాళ్ళు లేవు. మోకాళ్ళ దాకా చౌడు తినేసి రాలిపోయింది. మిగతా బొమ్మ కూడా ఈపాటికి కిందపడి పిండి కావలసిందే. పడలేదు. మోంఘీ బొమ్మ కుండ కింద పెట్టి, అత్త బొమ్మ చంకకింద భుజం ఆన్చి నిలబడి ఉంది.

వీరమ్ మూట కోసం వచ్చి, గోడవైపు చూసి తల గోక్కున్నాడు.

"అత్తయ్యా, దానికి చేతులు ఖాళీ లేవు కదా. ఎలా తీసుకెళ్ళను?"

ధన్‌బాయి కోడల్ని పిలిచింది. ముసుగు తియ్యమంది.

"ఏం మట్టే అది?"

"చౌడు మట్టి అత్తా. మా ఊళ్ళో రుచి చూశాకే కలుపుతాం. ఆయనతో చెప్పి పంపాను."

"నువ్వే నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేవారా?"

ధన్‌బాయికి అబద్ధం ఆడటం తేలికే, కానీ పక్కనే గోడ ఉంది.

"నమ్మేదాన్ని కాదు," అంది.

వీరమ్ ఖాళీ బండితో వెళ్ళాడు. నిజంగానే ఖాళీదా కాదా అని ధన్‌బాయి ఓసారి తొంగి చూసింది, అలవాటు ఎక్కడికి పోతుంది. మర్నాడు అత్తాకోడళ్ళు దూరపు చెరువు నుంచి మట్టి తెచ్చి, ఊరందరి ముందే కలిపి, గోడ పాడైన చోటల్లా గీకి అలికారు. అత్త బొమ్మకి మోంఘీ కొత్త కాళ్ళు చేసింది. పాతవాటికన్నా కాస్త లావుగా, గట్టిగా.

కాళ్ళు ఎండాయి. కోడలి బొమ్మ మాత్రం భుజం తియ్యలేదు. తన చోటికి పొమ్మని ఎవరూ గసరలేదు కూడా. కాళ్ళొచ్చాక ఇంకా ఎందుకు పట్టుకుందో, ఇందులో ఏదో మతలబు ఉండి ఉంటుందని ధన్‌బాయి లాఛుతో అంది. అప్పటినుంచీ ఆమెకి మధ్యాహ్నం నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇవాళ వదిలేసి వెళ్ళిపోతుందేమోనని భయం. మాటిమాటికీ ఒక కన్ను తెరిచి గుమ్మం వైపు చూస్తుంది. ఇంకా పట్టుకునే ఉంటుంది.